చేన్ల కుంట తవ్వితే గుండ్రటి తెల్ల రాళ్ళు ఎల్లినయ్, డైనోసార్ గుడ్లా లేక ఉత్త సున్నపు గడ్డలా?

ప్రాణహిత గట్టు (సిరొంచ తాలూకా, గడ్చిరోలి జిల్లా)

అందరికీ నమస్తే. మాది సిరొంచ దిక్కు ఊరు, ఈ ఒడ్డుకు మహారాష్ట్ర ఆ ఒడ్డుకు తెలంగాణ, కాయితాలన్నీ మరాఠీల ఉంటయ్ కానీ ఇంట్ల మాట్లాడేది తెలుగే గాబట్టి ఇక్కడ అడుగుతున్న. మొన్న చేన్ల శేత్‌తళే (చేన్ల నీళ్ళ కుంట) కోసం జేసీబీతోని తవ్విపించినం. పైన నల్ల రేగడి ఆరేడు ఫీట్లు ఉంది, దాని కింద పసుపు కలిసిన మట్టి, ఆ రెండిటి నడుమ తెల్లటి గడ్డలు ఇగ ఎల్లినయ్ చూడుండ్రి, బొచ్చెలకు బొచ్చెలు. చిన్నయి నిమ్మకాయంత ఉన్నయ్, పెద్దది ఒకటి రెండు చేతులతోని పట్టుకోవాలె. జేసీబీ పన్ను తాకి ఒకటి పలిగింది, లోపల ఉల్లిగడ్డ లెక్క పొరలు పొరలు. ఇంకొన్ని గొట్టాల లెక్క పొడుగ్గ సన్నగ ఉన్నయ్, అవి చూసి మా బాపు "ఇవి బొక్కలే రా" అంటడు.

మాకు వడధం ఫాసిల్ పార్క్ (రాయైన పాతకాలం చెట్లు, జంతువులు చూపించే జాగ) దగ్గర్నే గదా, ఇగ ఊర్ల అందరు డైనోసార్ గుడ్లు అని ఫిక్స్ అయిపోయిండ్రు. మా బామ్మర్ది వీడియో తీసి పెడ్తా అని కూసున్నడు, నేనే ఆపిన, తెలిసినోళ్ళను అడిగినంక పెట్టు అని.

ఇంకో ముచ్చట, దీనికి దానికి లింక్ ఉందో లేదో తెల్వది. అదే చేన్ల మిర్చి ఏస్తే కొసలు పచ్చగ కాకుండ పసుపు పడ్తున్నయ్, ఎంత యూరియా ఏసినా అంతే. మట్టి టెస్టు చేపిస్తే పీహెచ్ 8.4 అని, చునఖడి (మట్టిల కలిసిన సున్నం) 14 శాతం అని రాసిండ్రు. కృషి సహాయక్ ఏమో లైమ్ ఎక్కువుంది అన్నడు, మందుల షాపాయన ఏమో జిప్సం ఏయ్ ఎకరానికి నాలుగు బస్తాలు అన్నడు. ఎవరి మాట ఇనాలె? ఈ గడ్డలు ఏందో, మిర్చికి ఏం చేయాలెనో, ఈ గడ్డలు ఏరి పారేస్తే మట్టి బాగుపడ్తదో లేదో జర చెప్పుండ్రి.

---

బల్లార్షా బుల్లోడు

గుడ్లే అయితే పొదిగెయ్ అన్నా, మాకు కూడా ఓ పిల్ల ఉంచు 😂 సీరియస్‌గా అయితే బామ్మర్దిని అట్లనే ఆపు, వీడియో పెట్టిన తెల్లారి నుంచి నీ చేన్ల జాతర అయితది, మిర్చి మొత్తం తొక్కి పోతరు.

---

రాళ్ళ పిచ్చి (ఆసిఫాబాద్, చదివింది నాగ్‌పూర్‌లో)

గట్టన్నా, నువ్వు రాసిన దాంట్లోనే జవాబు సగం ఉంది. "రేగడికి, కింది పసుపు మట్టికి నడుమ" అన్నవ్ చూడు, అదే అసలు సంగతి. గుండ్రంగా ఉందా లేదా అనేది పక్కన పెట్టు, ఆ గుండ్రం ఎవర్నైనా మోసం చేస్తది, ఎక్కడ పడుకొని ఉంది అనేది చూడాలె. నల్ల రేగడి అడుగున ఒకే లోతులో బెల్టు కట్టినట్టు దొరికేవి వందకి తొంభైతొమ్మిది సున్నపు గడ్డలే, మట్టిలోనే పుట్టి మట్టిలోనే పెరిగినయ్.

ఎట్ల పుడ్తయంటే, వాన నీళ్ళు మట్టిలోకి దిగేటప్పుడు వేర్లు, పురుగులు వదిలే కార్బన్ డయాక్సైడ్ కలుపుకుంటయ్, నీళ్ళు కొంచెం పుల్లగైతయ్, ఆ పులుపుకి మట్టిలో ఉన్న కాల్షియం కరిగి కిందికి దిగుతది. మన దిక్కు వానలు నాలుగు నెలలే గదా, నీళ్ళు ఒక లోతు దాక పోయి ఆగిపోతయ్, ఎండాకాలం ఆ తడి ఆరిపోతది, గ్యాస్ ఎగిరిపోతది, కరిగిన సున్నం మళ్ళీ రాయిగా అక్కడే కూసుంటది. ఏటేటా ఇంత ఇంత పొర. నువ్వు చూసిన పొరలు అవే. మధ్యలో పగిలిన దాన్ని తీసుకొని ఎండలో పట్టి చూడు, లోపల మట్టి రేణువులు, ఇసుక పలుకులు ఇరుక్కొని కనపడ్తయ్. అంటే ఆ మట్టి ముందే ఉంది, గడ్డ దాని చుట్టూ తర్వాత పెరిగింది.

గుడ్డు అట్ల ఉండదు. డైనోసార్ గుడ్డు పెంకు కూడా కాల్షియం కార్బనేటే, మన కోడిగుడ్డు పెంకు లెక్కనే కాల్సైట్, కానీ పెంకు ఒక్కటే పొర, చుట్టూ ఒకే మందం, మిల్లీమీటరు నుంచి రెండున్నర దాక, బయట చిన్న చిన్న బుడిపెలు, భూతద్దం పెడ్తే గాలి పోయే సన్న రంధ్రాలు. లోపల పొరలు ఉండయ్, బయటి నుంచి దూరిన వేరే మట్టి నిండి ఉంటది. పొరలు పొరలుగా నడుమ దాక పోయిందంటే అది గుడ్డు కాదు, అంతే.

ఇంకోటి, వయసు లెక్క కూడా కుదరదు. మన దేశంలో గుడ్లు ఎక్కువ దొరికింది లమేటా రాళ్ళల్ల, అంటే ఇంచుమించు 7 కోట్ల ఏళ్ళ కిందటివి. గుజరాత్‌లో బాలాసినోర్, ఎంపీలో జబల్‌పూర్, ధార్ జిల్లా. ధార్‌లో అయితే 2023 జనవరిలో పేపర్ వచ్చింది, 92 గూళ్ళు, 256 గుడ్లు. అక్కడి ఊరోళ్ళు కొన్నిటిని తరాల నుంచి కులదేవుడని పూజ చేసిండ్రు, గట్టు రాళ్ళు అనుకున్నవి గుడ్లని తర్వాత తెలిసింది. మీ దిక్కు లమేటా చూడాలంటే పైకి వరోరా తాలూకా పిస్దూరా దాక పోవాలె, అక్కడ డైనోసార్ బొక్కలు, తాబేలు డొప్పలు, రాయైన పేడ ముద్దలు కూడా దొరికినయ్, ఆ పేడ మీద సైంటిస్టులు ఎంత పని చేసిండ్రో చెప్తే నవ్వుతరు. సిరొంచ కింద ఉన్నవి అంతకంటే చాలా పాత రాళ్ళు, జురాసిక్ కాలం కోటా రాళ్ళు. కోటా అనే పేరే మీ తాలూకా ఊరి నుంచి వచ్చింది. అక్కడి సున్నపురాయి పలకల్ల చేపల ఫాసిల్స్ ఉన్నయని 1851లోనే ఇంగ్లీషోళ్ళు పేరు పెట్టి రాసిండ్రు, లెపిడోటస్ డెక్కనెన్సిస్ అని, పొలుసులు ఇప్పటికీ మెరుస్తయ్. ఇటు మా ఒడ్డున పోచంపల్లి దగ్గర 1961లో తవ్వితే బరపాసారస్ అనే డైనోసార్ బొక్కలు మూడొందల దాక ఎల్లినయ్, కనీసం ఆరు జంతువులవి, ఇప్పుడు కలకత్తా ఐఎస్ఐ (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్) మ్యూజియంలో నిలబెట్టిండ్రు. యామన్‌పల్లి దగ్గర దొరికిన ఇంకో డైనోసార్ కోటాసారస్‌ని హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో చూడొచ్చు, హైదరాబాద్ పోయినోళ్ళు బిర్లా మందిర్ చూసి వచ్చేస్తరు, పక్కనే మన ఊరి బిడ్డ నిలబడి ఉన్నడని తెల్వదు.

కాబట్టి మీ నేల మీద ఫాసిల్ దొరకదని కాదు, ఈ బెల్టు గడ్డలు అవి కావని చెప్తున్న. ఒక పని చెయ్. బాత్రూం కడిగే యాసిడ్ ఒక్క చుక్క పలిగిన ముక్క మీద వెయ్, కళ్ళకు దూరం పెట్టి, బయట గాలిలో, బ్లీచింగ్ దగ్గర్లో లేకుండా. బుసబుస పొంగితే సున్నం. కానీ గుడ్డు పెంకు కూడా పొంగుతది, నత్త గుల్ల కూడా పొంగుతది, అందుకే యాసిడ్ ఒక్కటే చూసి తీర్పు చెప్పొద్దు. గొట్టాల ఫోటోలు దగ్గర నుంచి తీసి పెట్టు, పక్కన స్కేలో రూపాయి బిళ్ళో పెట్టి.

---

ధర్మాబాద్ మిర్చి (నాందేడ్ జిల్లా)

గుడ్ల సంగతి పైనాయన చెప్పిండు, నేను మిర్చి గురించి చెప్త, మాది పుట్టి పెరిగిందంతా మిర్చి మార్కెట్ల. తమ్మీ, షాపాయన చెప్పిన జిప్సం మాట ఇప్పుడే ఇనకు. జిప్సం చౌడుకి పనిచేస్తది, అంటే సోడియం ఎక్కువై మట్టి సిమెంటు లెక్క గట్టిపడితే ఏస్తరు, పీహెచ్ 8.5 దాటి తొమ్మిది, తొమ్మిదిన్నర ఉంటది అసుంటి నేలలు. నీది 8.4, సున్నం నేలలు ఆడాడ్నే ఆగుతయ్. జిప్సంల ఉన్నదే కాల్షియం, నీ చేన్ల కాల్షియం మునిగి తేలేటంత ఉంది, మళ్ళా పైసలు పెట్టి కాల్షియం కొంటవా? సోడియం ఎంతో టెస్టు చేపియ్, అది ఎక్కువుంటే అప్పుడు మాట్లాడుకుందం.

పసుపు పడేది ఏ ఆకు? కొస ఆకా కింది ఆకా? నువ్వు కొసలు అన్నవ్ కాబట్టి కొస ఆకు తెంపి ఎండకు పెట్టి చూడు, ఈనెలు పచ్చగుండి నడుమ పసుపు తెలుపు ఉంటే ఇనుము లోపం. నత్రజని తక్కువైతే కింది ముసలి ఆకు ముందు పసుపైతది. యూరియా ఏసినా మారలే అన్నవ్, ఇగ క్లియర్. అట్లని ఆకు ముడుచుకొని పడవ లెక్క అయితే అది తామర పురుగు, దానికి ఇది మందు కాదు, కలిపేసి తికమక పడకు.

మట్టిల ఇనుము లేక కాదు, మస్తుంటది, సున్నం ఎక్కువున్న కాడ అది కరగది, మొక్కకు అందది. జింకు, భాస్వరం కూడా అంతే, డీఏపీ ఏసిన కొద్ది దినాలకే సున్నంతోని కలిసి రాయైపోతది. అందుకే డీఏపీ చల్లుడు బంద్ జేసి పెంటతోని కలిపి సాలుకు దగ్గర్ల ఏసుకోవాలె, యూరియాకు బదులు అమ్మోనియం సల్ఫేట్ కొంచెం నయం.

ఇప్పుడైతే అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్, ఇనుము ఉండే ఉప్పు) కొట్టు. లీటరు నీళ్ళకు 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు. ముందు నిమ్మ ఉప్పు కరిగించి దాంట్ల అన్నభేది ఏయాలె, ఉల్టా చేయొద్దు. బోరు నీళ్ళు అసలే వద్దు, మన బోరుల్ల కూడా ఇదే సున్నం, బకెట్ల ఏసిన కొద్దిసేపటికే నీళ్ళు తుప్పు రంగుకు తిరిగితే ఆ మందు దండగ, పారబోయ్. వాన నీళ్ళు పట్టి పెట్టుకో లేకుంటే వాగు నీళ్ళు. కొత్త అన్నభేది లేత ఆకుపచ్చ పలుకులు ఉంటది, షాపుల పాతదైతే గోధుమ రంగు పొడి అయితది, అది తీసుకోకు. సాయంత్రం పూట, వారానికోసారి, రెండు మూడు సార్లు. కొత్తగా వచ్చే ఆకు పచ్చగ వస్తే సరే, ముదిరిన పసుపు ఆకు మారకున్నా ఫికర్ చేయకు. డ్రిప్పుల ఇయ్యాలంటే మామూలు ఈడీటీఏ ఇనుము ఇంత పీహెచ్ల ఆగది, ఈడీడీహెచ్ఏ అని ఉంటది ఎర్రగ, రేటు మాత్రం మండుతది.

ఇంకా ముఖ్యం, నీళ్ళు. సున్నం నేలల తడి ఎక్కువైతే పసుపు ఇంకా ముదురుతది. మొక్క ఏడుస్తుంది అని రైతు మళ్ళా నీళ్ళు పెడ్తడు, అది ఇంకా ఏడుస్తది. రెండు దినాలు ఆపి చూడు.

గడ్డలు ఏరి పారేస్తే బాగుపడ్తదా అంటే, లెక్క చెప్త ఇను. ఎకరంల పైన ఆరంగుళాల మట్టి సుమారు 900 టన్నులు. దాంట్ల 14 శాతం అంటే 126 టన్నుల సున్నం. గంధకం ఏసి కరిగిద్దం అంటే ఒక కిలో సున్నానికి దాదాపు 320 గ్రాముల గంధకం కావాలె, అంటే ఎకరానికి 40 టన్నులు. లారీలకు లారీలు. పైగా గడ్డ చేసే చెడుపు తక్కువ, మట్టిల పొడి రూపంల కలిసి ఉన్న సున్నమే అసలు చెడుపు, అది ఏరితే రాదు. దానితోని కాపురం చేయాలె, అంతే. పెంట, జీలుగ, జనుము ఏసుకుంటూ పోతే వేర్ల దగ్గర పులుపు పుట్టి కొంచెం కొంచెం ఇనుము అందుతది. బత్తాయి, సంత్ర పెడ్దం అని మాత్రం ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకో, వాటికి 10 శాతం దాటితేనే కష్టం.

---

ప్రాణహిత గట్టు

కాక, దండం మీకు. కొస ఆకే, ఈనెలు పచ్చ నడుమ పసుపు, అచ్చం మీరు చెప్పినట్టే. జిప్సం ఆర్డర్ కాన్సల్ చేసిన.

రాళ్ళ పిచ్చి అన్నా, యాసిడ్ ఏసినం. తెల్ల గడ్డలన్నీ బుసబుస పొంగినయ్, లోపల సన్న ఇసుక పలుకులు ఉన్నయ్ నువ్వన్నట్టే. బాపు మొఖం చిన్నదైంది. గొట్టాలు కూడా పొంగినయ్. ఒకటి ఇరిస్తే నడుమ సూది పట్టేటంత రంధ్రం ఉంది, చివరకు పోయే కొద్ది సన్నగైంది, పక్కకు ఒక కొమ్మ లెక్క చీలింది. కానీ కుప్పల ఒక్క ముక్క దొరికింది, చెయ్యంత పొడుగు, గోధుమ రంగు, చూస్తే మామూలు కట్టె, పట్టుకుంటే మాత్రం బరువు. అది పొంగలే. కత్తితోని గీరితే గీత పడలే, కత్తి రంగే దాని మీద అంటింది. ఇది జేసీబీ అడుగుకు పోయినప్పుడు గులకరాళ్ళ పొరల నుంచి వచ్చిందని డ్రైవర్ అంటున్నడు. ఇది ఏంది?

---

రుషికుల్య పిల్లోడు (గంజాం జిల్లా, ఒడిశా)

ఏటో డైనోసార్లని సూసి వొచ్చేను, నాకాడ బతికున్న గుడ్ల ముచ్చట ఉంది. మాది పొడంపేట దగ్గర, మా అమ్మమ్మోల్లు ఇంటిదగ్గర సముద్రం తాబేళ్ళు ఫిబ్రవరి మార్చిలో లచ్చల్లో ఒచ్చి ఇసకలో గుడ్లు ఎట్టీస్తాయి, ఆలివ్ రిడ్లీలు. గుడ్డు తెల్లగా గుండ్రంగా నాలుగు సెంటీమీటర్లుంటది, పట్టుకుంటే కోడిగుడ్డులా గట్టిగా ఉండదు, నొక్కితే సొట్ట పడతది. అది కూడా కాల్షియం కార్బనేటేగానీ ఏరే రకం, ఆరగొనైట్ అంటారు, కోడీ డైనోసారూ కాల్సైటు, తాబేలు ఆరగొనైటు. అదే సరుకు, పేర్చిన తీరే ఏరు. ఆరగొనైటు అంత కాలం నిలవదు, మెల్లగా కాల్సైటుగా మారిపోద్ది లేపోతే కరిగిపోద్ది. పిల్లలు ఎల్లిపోయాక ఒడ్డంతా తెల్లటి డొప్పలు ఎగురుతా ఉంటాయి, కాగితాల్లాగ సుట్టుకుపోయి, వానాకాలం వొచ్చీసరికి ఒక్కటి మిగల్దు. మరి అలాటిది రాయవ్వాలంటే ఎంత అదృష్టం ఉండాలో సూసుకోండి.

ఇంకో తమాషా సెప్తాను. మీ చేన్లో సున్నం ఎక్కువై ఏడుస్తన్నారు కదా, మా ఒడిశాలో కొండ దిక్కు, రాయగడ, కోరాపుట్, అక్కడ ఎర్ర నేల పుల్లగా ఉంటది, సున్నం ఎయ్యకపోతే కందులు వేరుశెనగ రావు. పేపర్ మిల్లు బురదలో సున్నం ఉంటదని అది తెచ్చి ఎస్తారు. మా మావయ్య రాయగడలో, ఆయనకి మీ పోస్టు సదివి ఇనిపిస్తే "ఆ గడ్డలన్నీ లారీకెత్తి ఇటు పంపమను" అంటన్నాడు. ఖర్చు సాలదులెండి.

మా కొండల్లో సున్నపురాయి ఉన్న సోటు కూడా ఉంది, జయపూర్ దిక్కు గుప్తేశ్వరం. గుహలో నీళ్ళు సుక్క సుక్క పడి సున్నం పేరుకున్నదే అక్కడ సివలింగం, శ్రావణంలో జనం కిటకిటలాడిపోతారు, మా వోళ్ళు తెలుగోళ్ళు కూడా శానామంది ఎల్తారు. లోపల గబ్బిలాలు రకరకాలు. సున్నపురాయి నీటికి కరిగి గుహ అయింది కాబట్టే వాటికి ఇల్లు దొరికింది, పక్కనున్న నల్ల గట్టి రాయిలో అలాటి గుహ రాదు. అన్నట్టు, నత్తలు కూడా అంతే, సున్నం ఉన్నకాడే సేరతాయి. మా పెరట్లో పెద్ద ఆఫ్రికా నత్తలు వానాకాలం గోడకి వేసిన సున్నం గీక్కు తింటాయి, తెల్లారి సూస్తే గోడ మీద సారలు. డొల్లకి సున్నం కావాలి మరి. మిర్చి చేన్లో నత్త డొల్లలు తెల్లగా దొరికితే వాటిని కూడా గుడ్డు పెంకులని అనుకుంటారేమో, సుడి తిరిగి ఉంటే నత్తదే.

---

కిల్న్ షిఫ్ట్ (గఢ్‌చాందూర్)

సిమెంటు ల్యాబ్‌లో పని, రోజూ చేసేది సున్నపురాయి టెస్టే కాబట్టి రెండు ముక్కలు. ఎవరో అడుగుతరని ముందే చెప్తున్నా, ఆ గడ్డలు ఫ్యాక్టరీ కొనదు. స్వచ్ఛమైన కాల్షియం కార్బనేట్ అయితే వంద కిలోలు కాలిస్తే 56 కిలోల సున్నం మిగుల్తది, 44 కిలోలు గ్యాస్‌గా పోతది. చేన్ల గడ్డల్లో బంకమట్టి, ఇసుక ఇరుక్కొని ఉంటయ్, ఒక గడ్డకి ఇంకో గడ్డకి పొంతన ఉండదు. మాకు చంద్రపూర్ జిల్లాలో దొరికేది పెన్‌గంగ సున్నపురాయి, కొండలకు కొండలు ఒకే తీరుగా ఉంటది, సముద్రం అడుగున పేరుకున్నది, అది డైనోసార్ల కంటే చాలా ముందు కాలం, గుల్ల ఉన్న జీవులు పుట్టక ముందుది, అందుకే దాంట్ల నత్త గుల్లలు వెతికినా దొరకవు. మా కొత్త కుర్రాళ్ళు క్వారీలో ఫాసిల్ కోసం తిరుగుతుంటే నవ్వొస్తది.

పాత రోజుల్లో మాత్రం ఇదే చేన్ల గడ్డలు ఏరి బట్టీ పెట్టి కాల్చి ఇళ్ళకు సున్నం చేసేవాళ్ళు, ఆ బంకమట్టి ఉండటం వల్లే ఆ సున్నం నీళ్ళల్లో కూడా గట్టిపడేది. బావులకు, చెరువు తూములకు అదే వాడిండ్రు.

గట్టన్నకు ఒక హెచ్చరిక. శేత్‌తళే అడుగు ఆ గడ్డల బెల్టు దగ్గర ఆపొద్దు, అక్కడ నీళ్ళు ఆగవు, గడ్డల సందుల నుంచి జారిపోతయ్. ప్లాస్టిక్ షీట్ వేసేదుంటే ముందు రేగడి మట్టితో అడుగు మెత్తి, మొనలు ఉన్న గడ్డలు ఏరి అప్పుడు షీట్ పరచు, లేకపోతే షీట్ చిల్లులు పడ్తది. డ్రిప్ పెడ్తే నాజిల్స్ దగ్గర తెల్లగా పేరుకుంటది, అది కూడా ఇదే సున్నం, సీజన్‌కి ఓసారి పలచని యాసిడ్ పారించాలె.

---

రాళ్ళ పిచ్చి

గొట్టాల సంగతి తేలిపోయింది. నడుమ సన్న రంధ్రం, చివరికి సన్నబడటం, కొమ్మ చీలటం, మూడూ వేరు గుర్తులే. చెట్టు వేరు చుట్టూ సున్నం పేరుకుంది, వేరు కుళ్ళిపోయింది, గొట్టం మిగిలింది. బొక్క అయితే బయట గట్టి పెంకు, లోపల చిన్న చిన్న గదులు, సన్నగై కొమ్మలు వెయ్యదు. పైగా బొక్కల్లో ఉండేది కాల్షియం ఫాస్ఫేట్, అది పొంగదు, సందుల్లో తర్వాత సున్నం దూరితే ఆ సందులు మాత్రం పొంగుతయ్. బాపును చిన్నబుచ్చకు అన్నా, నాగ్‌పూర్‌లో మా క్లాసుల్లో వేరు గొట్టాన్ని బొక్క అని చెప్పినోళ్ళు బోలెడు.

ఇక ఆ గోధుమ రంగు ముక్క. కత్తి గీత పడలేదు, ఇనుము రంగు అంటింది, యాసిడ్‌కి కదల్లేదు, చూస్తే కట్టె, పట్టుకుంటే రాయి. అది సిలికా (ఇసుకలో ఉండే గట్టి పదార్థం) నిండిన కట్టె, అంటే రాయైన చెట్టు. వడధంలో చూపించేది అదే. దాంట్లో సున్నం పని ఏం లేదు, నేలలోని నీళ్ళతో వచ్చిన సిలికా కట్టె సందుల్లో నిండి గట్టిపడ్డది. వారం నుంచి మీ ఊరంతా మురిసిపోయిన తెల్ల గుండ్లు వేల ఏళ్ళ లెక్కలోవి, పక్కన పడేసిన కట్టె ముక్క కోట్ల ఏళ్ళది. గులకరాళ్ళ పొరలో వచ్చిందంటే అక్కడే నిలబడ్డ చెట్టు కాదు, ఎగువన ఎక్కడో రాయిలోంచి ఊడి నది దొర్లించుకొచ్చి పడేసింది, మూలలు నునుపు తిరిగి ఉంటయ్ చూడు.

అన్నట్టు తెల్ల గడ్డలన్నీ కుర్రవే అనుకోవద్దు. మా దిక్కు మలేరి, అచ్లాపూర్ ఎర్రమట్టి రాళ్ళల్లో ఇలాంటి సున్నపు గుండ్లే ఉంటయ్, చేతిలో పెడితే తేడా చెప్పలేరు, కానీ అవి 20 కోట్ల ఏళ్ళు దాటినయ్. అప్పటి నేలలో అప్పటి వానకు పుట్టి, నేలతో పాటే రాయైనయ్. కొన్ని వాగులు కోసుకొచ్చి ఇసుకరాయిలో కుప్పపోసినయ్, ఆ కుప్పల్లోనే పాతకాలం సరీసృపాల దవడలు, పళ్ళు దొరుకుతయ్. ఆ గుండ్లలోని కార్బన్ కొలిచి అప్పటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎంతుందో అంచనా కూడా కడ్తరు. మెత్తటి రేగడి అడుగున ఉంటే కుర్ర గడ్డ, గట్టి రాయి పొరలో బిగుసుకొని ఉంటే ముసలి గడ్డ. అందుకే మొదట్నుంచి చోటు చోటు అని మొత్తుకుంటున్న. చోటు తెల్వకుండ బ్యాగులో వేసుకొని తెచ్చిన రాయి గురించి ఎవరూ ఏం చెప్పలేరు.

ఆ కట్టెను కడగకు, వార్నిష్ పూయకు, యాసిడ్ ఇంక వెయ్యకు. ఫోటోలు తియ్, గుంత గోడ ఫోటో కూడా తియ్, ఏ లోతు నుంచి వచ్చిందో రాసి పెట్టు, ఫోన్‌లో లొకేషన్ సేవ్ చెయ్. వడధం ఫారెస్టు వాళ్ళకు చెప్పు, లేదంటే నాగ్‌పూర్‌లో జీఎస్ఐ (భూగర్భ సర్వే వాళ్ళ) ఆఫీసు ఉంది. గుంత ఇంకా లోతుకు తవ్వే పని ఉంటే ఆ గులకరాళ్ళ పొర దగ్గర డ్రైవర్‌ని మెల్లగ పొమ్మను.

---

ధర్మాబాద్ మిర్చి

కట్టె సంగతి తర్వాత, అన్నభేది కొట్టినవా లేదా?

---

ప్రాణహిత గట్టు

నిన్న సాయంత్రం కొట్టిన కాక, వాగు నీళ్ళతోనే, రంగు మారలే. నీళ్ళు పెట్టుడు ఆపిన. కట్టె ముక్కను గోనెసంచిల సుట్టి ఇంట్ల పెట్టినం, సోమవారం వడధం పోతున్న. గుంత గోడ ఫోటోలు ఎండ మంచిగ వచ్చినంక తీసి పెడ్త, రాత్రి వాన పడి కొంచెం కూలింది. బామ్మర్ది వీడియో పెట్టిండు మరి, "డైనోసార్ గుడ్లు కాదు" అని టైటిల్ పెట్టిండు, ఎవరూ చూస్తలేరు అని ఇప్పుడు నా మీద కోపం 😄